మేనేజరుకి చెప్పకూడని మాట

మీరేం పని చేస్తారని ఎవరైనా అడిగితే నేను "పళ్ళ పని" అంటాను. పదిమందిలో ఎనిమిదిమంది "అరటిపళ్ళా, బత్తాయిలా?" అంటారు. నోరు తెరిచి నా పన్ను మీద వేలు పెట్టి చూపిస్తే తప్ప వాళ్ళకి ఎక్కదు. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబు మాది. అక్కడ ముప్పై ఒక్కేళ్ళుగా అదే బల్ల ముందు, అదే స్టూలు మీద కూర్చున్న ఆవిడకి పళ్ళక్క అని కాక ఇంకేం పేరు పడుతుంది? అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. దాని జోలికి ఎవరూ పోరు.

పళ్ళ డాక్టర్లు రోగి నోటి కొలత తీసి మాకు పంపుతారు. వెనకగదిలో దాంట్లో ప్లాస్టరు పోసి దవడ అచ్చు చేస్తారు. ఆ దవడ మీద గులాబిరంగు మైనం కట్టి, స్పిరిట్ దీపం మీద కత్తి వేడిచేసుకుంటూ, మైనంలో పన్ను పక్కన పన్ను నిలబెట్టడం పళ్ళక్క పని. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. మైనం వేడిగా ఉన్నప్పుడే పన్ను మాట వింటుందంటుంది. మధ్యలో వదిలేసి వెళితే మైనం చల్లారి వరసంతా చెడుతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆవిడ పెట్టిన సెట్టు ఉడికి, గట్టిపడి, చివరికి నా దగ్గరికి వస్తుంది. గరుకంతా గీసేసి, చక్రం మీద పెట్టి మెరుగు పెట్టడం నా వంతు. ఆ మిషను రొదకి అలవాటుపడి నేను ఇంట్లో కూడా కేకలేస్తానని మా ఆయన గోల. నిజమే. నా గొంతు పెద్దది, నా నోటికి గడియ లేదు. ఈ కథలో నేను చేసిన పనికి ఆ రెండే కారణాలు గనక ముందే ఒప్పేసుకుంటున్నా.

పళ్ళక్క చేతిలో ఒక గుణం ఉంది. పళ్ళన్నీ ముత్యాల్లా ఒకే వరసలో పెట్టదు. ఎక్కడో ఒక పన్ను వెంట్రుకవాసి పక్కకి తిప్పుతుంది. "డెబ్భై ఏళ్ళాయనకి పెళ్ళికొడుకు పళ్ళు పెడితే నవ్వుతాడటే? సిగ్గుపడి మూతి మూసుకుంటాడు. కాస్త వంకర ఉంటేనే తనవనుకుంటాడు" అనేది. ఆ నోళ్ళు ఎవరివో మాకు తెలియదు. అయినా బస్సులో ఎవరైనా ముసలాయన నవ్వితే ఆవిడ కళ్ళు ముందు పంటిమీదికే పోతాయి, మనదేనేమో అని.

ఇంక కుక్క సంగతి. నాకు కుక్కలంటే పడదు. చిన్నప్పుడు ఒకటి నా పిక్క పట్టుకుంది, ఆ మచ్చ ఇంకా ఉంది. అందుకని పళ్ళక్క తన కుక్క గురించి మొదలెట్టినప్పుడల్లా నేను మిషను ఆన్ చేసేదాన్ని. దాని పేరు మేనేజరు. పెట్టింది ఆవిడ భర్త. ఆయన కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే పని చేసేవాడు. ఎక్కడో షెడ్డు వెనక దొరికిన గోధుమరంగు పిల్లని జేబులో వేసుకొచ్చాడు. అది పెరిగి పెద్దదయ్యాక ఇంటి గుమ్మం దగ్గరే కూర్చుని, ఎవరు ఎన్నింటికి బయటికి పోతున్నారు, ఎన్నింటికి వస్తున్నారు అని చూసేదట. ఆలస్యమైతే మొహం తిప్పుకునేదట. "వీడు కుక్క కాదు, మా మేనేజరు" అన్నాడాయన. అదే స్థిరపడింది. ఆ ఇంట్లో పిల్లల్లేరు. ఉన్నది ఆ ఇద్దరు, ఆ కుక్క.

మా ల్యాబుకి నిజంగా ఒక మేనేజరు ఉన్నాడు. ఒకరోజు ఆయన తలుపు తీసేసరికి పళ్ళక్క నాతో "ఏం చెయ్యనే, మేనేజరు మళ్ళీ పరుపు మీద పోసేశాడు" అంటోంది. ఆ పెద్దమనిషి తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ నెలంతా మావైపు రాలేదు.

నాలుగేళ్ళ కిందట పళ్ళక్క భర్త పోయాడు. ఇంట్లోనే, మధ్యాహ్నం పూట, కుర్చీలో. గుండె. పళ్ళక్క ఇంటికి వెళ్ళేసరికి అయిపోయింది. మాకందరికీ తెలిసింది అంతవరకే. పదిహేను రోజుల తరవాత ఆవిడ పనికొచ్చింది. దీపం వెలిగించుకుంది, కత్తి వేడిచేసుకుంది, పళ్ళు పెట్టడం మొదలెట్టింది. ఆ వారంనించీ ఆవిడ పెట్టిన సెట్లన్నీ తీర్చి దిద్దినట్టు తిన్నగా ఉన్నాయి. ఒక్క వంకర పన్ను లేదు. వాటికి మెరుగు పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ తరవాత రెండేళ్ళకి కుక్క గుండె కూడా పెరిగిందని పశువుల డాక్టరమ్మ చెప్పింది. పదమూడేళ్ళు దానికి. మందులు వాడితే కొన్నాళ్ళు లాగుతుంది, కానీ కనిపెట్టుకుని ఉండాలంది. పళ్ళక్క పొద్దున్న తొమ్మిదింటికి ఇల్లు వదిలితే రాత్రి ఏడయ్యేది తిరిగి వెళ్ళేసరికి. ఎలా కనిపెడుతుంది? అప్పుడు ఆవిడ అక్కకూతురు, ఫోన్ల దుకాణంలో పనిచేసే అమ్మాయి, సామానంతా తెచ్చి బిగించింది. అల్మారా మీద ఒక కెమెరా. దాంట్లోంచి ఇంట్లో బొమ్మ ఫోనులో కనపడుతుంది, మనం ఫోనులో మాట్లాడితే అక్కడ వినపడుతుంది. మెడకో బెల్టు. అది కుక్క ఎంత నడిచింది, ఎంతసేపు విశ్రాంతి తీసుకుంది, నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది లెక్కగట్టి చెబుతుంది. ఊపిరి ముప్పై దాటితే ఫోను కుయ్యోమంటుంది. టైముకి తనంతట తనే మూత తెరుచుకునే గిన్నె ఒకటి.

అప్పట్నుంచీ నా ప్రాణానికి సుఖం లేదు. పళ్ళక్క బల్లమీద దీపం పక్కన ఫోను నిలబెట్టి ఉంటుంది. మూడు పళ్ళు పెట్టడం, ఓసారి చూడటం. "చూడవే, బోర్లా పడుకున్నాడు." "చూడవే, గిన్నె తెరుచుకుంటే ఎలా ఉలిక్కిపడ్డాడో." నాకు ఒళ్ళు మండి, "అక్కా, నా మొగుడు నన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఇన్నిసార్లు చూడలేదు" అన్నాను. నవ్వింది. ఆయన పోయాక ఆవిడ పళ్ళు కనపడేలా నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఇంక నేను నోరెత్తలేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ సామాను ఒకసారి దాని ప్రాణం నిలబెట్టింది. ఓ రోజు పదకొండింటికి ఫోను కుయ్యోమంది. బొమ్మలో కుక్క హాయిగా నిద్రపోతోంది, ఊపిరి మాత్రం నలభై నాలుగు. కంటికి ఏమీ తేడా తెలియదు. చేతిలో సెట్టు అప్పుడే పూర్తయింది, ఫోనులో ఏమీ చెప్పకుండానే పళ్ళక్క పరుగెత్తింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఇంకో రెండు గంటలైతే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ తరవాత అది ఏడాదికి పైగా బతికింది. ఆ ఏడాది ఆ బెల్టు పెట్టిన భిక్ష అంటుంది పళ్ళక్క. నేనూ కాదనను.

అసలు సంగతి మాట దగ్గర ఉంది.

మనవాళ్ళకి ఒక అలవాటు. ఎవరైనా ఫోను చేసి "ఎక్కడున్నావు?" అంటే, ఒంటిమీద సబ్బుతో ఉన్నా సరే "వచ్చేస్తున్నా" అంటాం. "ఇదిగో, వచ్చేస్తున్నా. దారిలో ఉన్నా." చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. గంట పడుతుందని ఇద్దరికీ తెలుసు. అది అబద్ధం కూడా కాదు, ఓ రకం మర్యాద. నిన్ను మరిచిపోలేదని చెప్పడం. పళ్ళక్క కూడా రోజుకి పదిసార్లు ఫోను నోటి దగ్గర పెట్టుకుని అదే అనేది. "వచ్చేస్తున్నా నాన్నా, వచ్చేస్తున్నా. అమ్మ వచ్చేస్తోంది." పదకొండింటికి అనేది, ఒంటిగంటకి అనేది, మూడింటికి అనేది. గొంతు విని అది చెవులు రిక్కించి, మెల్లగా లేచి, బొమ్మలోంచి పక్కకి వెళ్ళిపోయేది. "స్నానాలగది ముందు గచ్చు చల్లగా ఉంటుందిగా, అక్కడికెళ్ళి పడుకుంటాడు" అనేది పళ్ళక్క. ఫోనులో బెల్టు లెక్క చూస్తే 'విశ్రాంతి, రెండు గంటల పది నిమిషాలు' అని ఉండేది. ఆవిడ నిశ్చింతగా కత్తి వేడిచేసుకునేది.

ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండ్రోజులు సెలవు పెట్టాను. రెండో రోజు కాస్త తేరుకున్నాను. మా ఇంటికీ వాళ్ళింటికీ నాలుగు వీధుల దూరం. పళ్ళక్క ఫోను చేసి, "మా అక్కకూతురు రోజూ మధ్యాహ్నం వెళ్ళి మాత్ర వేస్తుంది, ఇవాళ దానికి కుదరదట. తాళంచెవి పక్కింట్లో ఉంది. నీకు పుణ్యముంటుంది, వాడేం కరవడు, కరవడానికి వాడికి పళ్ళేవి?" అంది. సరేనని వెళ్ళాను.

రెండో అంతస్తు. ఒక గది, వంటగది, ఒక చిన్న నడవ. తలుపు తీయగానే అది తోక ఊపింది. మూతి తెల్లబడిపోయి ఉంది. మాత్ర అన్నంముద్దలో పెట్టి ఇచ్చాను, మర్యాదగా తిని చాపమీద పడుకుంది. ఓ క్షణం కూర్చుందామని మంచం మీద ఆనుకున్నాను. జ్వరం నీరసం, కన్ను అంటుకుంది.

"వచ్చేస్తున్నా నాన్నా, వచ్చేస్తున్నా" అన్న గొంతు వినపడి లేచాను. అల్మారా మీంచి పళ్ళక్క గొంతు. చూద్దును గదా, ఆ కుక్క లేస్తోంది. ముందుకాళ్ళు చాపింది. వెనకకాళ్ళు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. లేచి, తూలుకుంటూ, స్నానాలగది వైపు కాదు, గుమ్మం వైపు నడిచింది. తలుపుకింద సందులో ముక్కు పెట్టి నిలబడింది.

కూర్చోలేదు. నిలబడే ఉంది. పది నిమిషాలు చూశాను. అరగంట చూశాను. వెనకకాళ్ళు వణుకుతున్నాయి. మెట్లమీద ఎవరి అడుగు వినపడినా చెవులు లేస్తున్నాయి, అడుగు దాటిపోగానే వాలుతున్నాయి. నేను పిలిస్తే ఒకసారి నావైపు చూసి మళ్ళీ ముక్కు సందులో పెట్టేసింది. కెమెరా ఉన్న చోటునించి ఆ గుమ్మం కనపడదు. బెల్టుకి నిలబడటమూ పడుకోవడమూ ఒకటే, కదలకపోతే విశ్రాంతి అని రాసుకుంటుంది. తలుపు కింద పలకకి రంగు మొత్తం పోయి ఉంది, సరిగ్గా ముక్కు ఎత్తున. ఆ గచ్చుమీద నాలుగు పాదాల చోట నునుపు తేలి ఉంది. రోజూ మెరుగు పెట్టేదాన్ని, అది ఎన్ని రోజుల నునుపో నాకు తెలుస్తుంది.

వచ్చేస్తున్నా అంటే మనం మర్యాదకి అంటాం. ఆ మూగజీవికి ఆ మర్యాద ఎవరు నేర్పారు? వచ్చేస్తున్నా అంటే వచ్చేస్తోంది అనుకుంది. రోజుకి పదిసార్లు అనుకుంది. ఆ రోజునించీ నేను దాన్ని అది అనలేకపోయాను. వాడు అనే అంటున్నా.

మర్నాడు ఈ విషయం చెప్పాలా వద్దా అని ఇంకెవరైనా అయితే ఆలోచించేవాళ్ళు. నేను స్టూలు మీద కూర్చోకముందే మొత్తం చెప్పేశాను, అందరూ వినేలా. "నువ్వు వచ్చేస్తున్నా అన్నప్పుడల్లా వాడు గుమ్మంలో నిలబడి చస్తున్నాడక్కా. విశ్రాంతీ లేదు, పాడూ లేదు." ఆవిడ చేతిలో కత్తి దీపం మీదే ఉండిపోయింది, ఎర్రగా కాలిపోయింది. నేనే లాక్కున్నాను.

మధ్యాహ్నం తిండి దగ్గర ఆవిడ నాకొక్కదానికే చెప్పింది.

"ఆయన ఆ రోజు ఫోను చేశాడే. ఒంట్లో ఏదోలా ఉంది, వస్తావా అన్నాడు. వచ్చేస్తున్నా అన్నాను. అప్పుడు నా ముందు కింది సెట్టు ఉంది. ఇంకా ఆరు పళ్ళున్నాయి. మైనం వేడిగా ఉంది. ఈ ఆరూ పెట్టేసి పోదాం అనుకున్నా. ఆయన గట్టిగా ఏమీ అనలేదు కదా, మామూలుగానే అన్నాడు. ముప్పావు గంట పట్టింది. ఇంటికెళితే కుర్చీ తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి చెప్పులున్నాయే. నేను రాగానే ఆసుపత్రికి బయలుదేరదామని చెప్పులేసుకుని కూర్చున్నాడు. వీడు ఆ చెప్పులమీద తల పెట్టుకుని ఉన్నాడు."

చేతిలో ముద్ద తిరిగి డబ్బాలో పెట్టేశాను.

"ఇద్దరినీ అదే గుమ్మంలో నిలబెట్టాను" అంది. తన డబ్బాకి మూత పెట్టి, "వీడు పోయేటప్పుడు ఆ తలుపు దగ్గర ఉండకూడదు. చాపమీద, నా పక్కన పోవాలి. నాకింకేం అక్కర్లేదే" అంది.

అప్పట్నుంచీ ఆ మాట మానేసింది. మాట్లాడటం మానలేదు, మానితే వాడు కెమెరా కిందికొచ్చి పైకి చూస్తున్నాడట. అందుకని వేరే మాటలు వెతుక్కుంది. "తిన్నావా? పడుకో. ఫ్యాను బాగా తిరుగుతోందా? ఇవాళ మాకు పెద్ద దవడ వచ్చింది రా, గుర్రం దవడ. పడుకో నాన్నా." మొదట్లో నాలిక మీదికి వచ్చేసేది. "వ..." అని ఆగిపోయి, పెదాలు కొరుక్కునేది. ముప్పై ఏళ్ళ అలవాటు, ఊరికే పోతుందా? మమ్మల్ని కూడా అననిచ్చేది కాదు. బల్లమీద ఫోను ఉన్నప్పుడు మా ఇంటినుంచి నాకు ఫోను వస్తే బయటికెళ్ళి మాట్లాడేదాన్ని. రెండు మూడు వారాలకి వాడు చాపమీదే ఉండటం మొదలుపెట్టాడు. గొంతు వింటే తోక రెండుసార్లు నేలకి కొట్టి కళ్ళు మూసుకునేవాడు. ఆవిడ మొహంలో కాస్త కళ వచ్చింది. ఆ నెల ఒక పై సెట్టులో కోరపన్ను వెంట్రుకవాసి వంకరగా ఉంది. మెరుగు పెట్టి పంపేశాను.

ఆ రోజు మంగళవారం. మూడు కావస్తోంది. ఫోను కుయ్యోమంది. యాభై రెండు. చూస్తుండగానే యాభై ఎనిమిది. వాడు చాపమీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు, నోరు తెరిచి. పళ్ళక్క ముందు పై సెట్టు ఉంది, సగమైంది, మైనం వేడిగా ఉంది. ఆవిడ దీపం ఊది ఆర్పేసింది. ఆ సెట్టు అలాగే వదిలేసి లేచింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

నా స్కూటరు తీశాను. ఆవిడ వెనక కూర్చుని ఎడంచెయ్యి నా భుజంమీద వేసింది, కుడిచేతిలో ఫోను. డాక్టరమ్మకి చెప్పింది, ఆవిడ నేరుగా ఇంటికి వస్తానంది. తరవాత దారంతా వాడితోనే. నాకు బొమ్మ కనపడదు, నా చెవి వెనక మాటలే వినపడుతున్నాయి.

"పడుకో నాన్నా. ఇక్కడే ఉన్నాగా. లేవకు. ఏం పని నీకు లేవడానికి? ఫ్యాను తిరుగుతోంది చూడు. బంగారుకొండవి. పడుకో."

వంతెన దగ్గర బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ఎవడో లారీవాడు అడ్డంగా పెట్టాడు. నేను వాడి వంశాన్నంతా తిట్టాను. ఆవిడ గొంతు మాత్రం తొణకలేదు. "నిన్న నువ్వు నా చెప్పు కొరికావు, గుర్తుందా? పళ్ళు లేకుండా ఎలా కొరికావురా దొంగా? నీకూ ఓ సెట్టు చేస్తాలే. పడుకో." నిమిషాలు కాదు, అవి యుగాలు. ఆ చెయ్యి నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే వారం రోజులు ఆ నొప్పి పోలేదు. చెప్పాలనుకున్న మాట ఒక్కటే, చెప్పకుండా ఉన్నదీ ఆ ఒక్కటే. నిజంగా వస్తోంది. అంటే, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట నిజమే అయ్యేది. అయినా అనలేదు.

సందు చేసుకుని వంతెన దాటాను. రెండు మలుపులు తిప్పాను. వాళ్ళ వీధి మొగ కనపడింది. నా ప్రాణం లేచొచ్చింది.

"వచ్చేశాం అక్కా, ఇదిగో వచ్చేశాం!" అని అరిచాను.

నా గొంతు సంగతి చెప్పానుగా.

నా భుజంమీద చెయ్యి ఒక్కసారి బిగిసింది. తరవాత వదులైపోయింది. ఆవిడ ఫోనులోకి చూస్తూ, "లేచాడే" అంది. మళ్ళీ, "పడ్డాడు." మళ్ళీ, "లేచాడు." ఇంకాస్త ఆగి, "కనపడటంలేదు" అంది.

మెట్లు ఎలా ఎక్కామో నాకు తెలియదు. ఆవిడ తాళం తిప్పి తలుపు తోసింది. నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని, మెత్తగా దేనికో ఆనుకుని ఆగిపోయింది. నేను భుజంతో తొయ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తొయ్యకే. వాడున్నాడు."

ఆ మెట్ల దగ్గర, చెప్పులు విడిచే చోట, దుమ్ములో కూర్చుండిపోయింది. ఆ సందులోంచి మోచెయ్యి దాకా లోపలికి పెట్టింది. తడుముకుంటూ తల దొరికించుకుంది. తలుపు అంచు చేతికి కోసుకుపోతున్నా లెక్కచెయ్యలేదు. చెంప తలుపుకి ఆనించి, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"వచ్చా నాన్నా. వచ్చాను. చూడు, వచ్చాను."

లోపల తోక తలుపుకి కొట్టుకున్న చప్పుడు వినపడింది. ఒకటి. రెండు. మూడోది చాలాసేపటికి.

ఫోను నా చేతిలో ఉంది. అందులో ఖాళీ చాప, తిరుగుతున్న ఫ్యాను నీడ, మూత తెరుచుకున్న గిన్నె కనపడుతున్నాయి. వాడు కనపడటంలేదు. ఊపిరి లెక్క దగ్గర అంకె పోయి ఒక గీత మిగిలింది. డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చేసరికి పళ్ళక్క ఇంకా అలాగే కూర్చుని ఉంది, చెయ్యి తలుపు లోపల. నేను తియ్యమన్నాను. "ఇంకాసేపు ఉండనీవే. నాకేం తొందర?" అంది.

సాయంత్రం దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. కుక్కలంటే పడని దాన్ని. "నా నోటివల్లే లేచాడక్కా" అన్నాను. "చాపమీదుంటే సూదిమందు వేసేదాకా ఉండేవాడేమో." ఆవిడ నా వీపు నిమిరింది. ఆ ముంజేతిమీద తలుపు అంచు గీసిన ఎర్రటి చార ఉంది.

"నువ్వన్నదాంట్లో తప్పేముందే? వచ్చేశాం అన్నావు. వచ్చేశాం. ఆ మాట ఆ గుమ్మంలో నిజమవడం అదొక్కసారే."

ఆవిడ అంది గానీ నాకు తెలుసు. చాపమీద తన పక్కన పోవాలని ఆవిడ కోరుకున్నది నావల్ల జరగలేదు. దాన్ని ఎంత గీసినా నాకు నునుపు తేలలేదు, తేలదు కూడా.

మర్నాడు ఆవిడ పనికొచ్చింది. వదిలేసి వెళ్ళిన సెట్టు మైనం బిగిసిపోయి వరసంతా చెడి ఉంది. పళ్ళన్నీ పీకి, మైనం కరిగించి, మొదటినించీ పెట్టుకుంది.

ఏడు నెలలైంది. బల్లమీద దీపం పక్కన ఇప్పుడు ఫోను నిలబెట్టి ఉండదు, సంచిలో ఉంటుంది. మొన్న సాయంత్రం అది మోగింది. అక్కకూతురు. ఆ పిల్ల గొంతు నాకూ వినపడుతోంది, "ఎక్కడున్నావు పిన్నీ? మీ ఇంటి ముందే ఉన్నా" అంటోంది. ఇంకెవరమైనా ఏమంటామో మీకు తెలుసు. పళ్ళక్క కత్తి కింద పెట్టి, ముందున్న దవడని చూసి, లెక్కపెట్టుకుంది.

"ల్యాబులోనే ఉన్నానమ్మా. ఇంకా బయలుదేరలేదు. ఆరు పళ్ళున్నాయి, ముప్పావు గంట పడుతుంది. నువ్వు గుమ్మంలో నిలబడకు, పక్కింట్లో కూర్చో."